అమ్ముడైపోయింది, క్షమించండి

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద ఉన్నావిడ పరీక్ష పెడుతోంది. యాభై నాలుగు మెట్లెక్కి వచ్చిన ఏజెంటు అమ్మాయికి ఇంకా ఆయాసం తగ్గలేదు. ఎనిమిది నెలలుగా మంచం దిగని మనిషికి ఇంకొకరి ఆయాసం తగ్గేదాకా ఆగే ఓపిక ఎక్కడుంటుంది గనక.

“అది కాదమ్మాయ్ నేనడిగింది. ఎన్ని ఇళ్ళు అమ్మావని కాదు. ఆన్‌లైన్‌లో పెట్టి ఎన్ని అమ్మావని.”

“చెప్తానక్కా. ఒక్క గుక్క నీళ్ళు తాగి…”

“సీసా ఆ బల్ల మీదుంది. తాగుతూ చెప్పు.”

“పోయినేడు పదకొండు. అందులో తొమ్మిది ఆన్‌లైన్‌లో చూసి వచ్చినవాళ్ళే కొన్నారు.”

“మిగతా రెండు?”

“ఒకటి మా మేనమామ కొన్నాడు. ఇంకోటి ఆ పక్కింటాయనే కొనుక్కున్నాడు.”

“నిజం చెప్పావు. ఇంతకు ముందొచ్చినాయన అన్నీ ఆన్‌లైనే అన్నాడు. వాళ్ళ నాన్న అమ్మినవి కూడా కలిపేసుకున్నాడు. కూర్చో. ఆ కుర్చీలో కాదు, దానికి కర్రలు కట్టున్నాయి. స్టూలు లాక్కో.”

“ఈ కర్రలెందుకక్కా?”

“నన్ను కిందికి మోసుకెళ్ళడానికి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో నేను. ఎక్స్‌రే కోసం రెండుసార్లు దింపారు. రెండోసారి వెనకాయన చెయ్యి జారింది. ఆ తర్వాత నాలుగో మనిషి దొరకడం మానేశాడు.”

“అయ్యో.”

“అయ్యో తర్వాత. ఇంకో ప్రశ్న. ఫోటోలు నువ్వే తీస్తావా, ఎవరినైనా పంపిస్తావా?”

“నేనే తీస్తాను. పొద్దున తొమ్మిదింటికి, ఈ కిటికీలోంచి ఎండ వచ్చేటప్పుడు.”

“తొమ్మిదిన్నరకి వస్తుంది, ఆ గోడ మీదికి. పది ముప్పావుకి బీరువా దగ్గరికి జరుగుతుంది. పన్నెండుకి పోతుంది. ఈ గదిలో ఎండ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.”

“అయితే తొమ్మిదిన్నరకే వస్తాను.”

“ఇప్పుడున్న ఫోటోలు చూశావుగా?”

“చూశాను.”

“ఎలా ఉన్నాయి?”

“అంటే… పర్లేదు, కొంచెం…”

“నీళ్ళు నమలకు. మూడో ఫోటోలో ఏముంది?”

“ఒక… కాలుంది అక్కా. కట్టుతో.”

“నాదే. దాని కింద ఏం రాశాడు?”

“‘సకల సౌకర్యాలతో విశాలమైన పడకగది.’”

“నెలల తరబడి ఆ కాలుని ఊరంతా చూస్తోంది. నేను పోలేని చోట్లకి అదైనా పోయింది. నవ్వు, పర్లేదు. మొదట్లో నేనూ నవ్వాను.”

“ఇప్పటిదాకా ఎంతమంది ఏజెంట్లు మారారక్కా?”

“ముగ్గురు. మొదటాయన బోర్డు మనిషి. గేటుకి బోర్డు కట్టి, వచ్చినప్పుడల్లా దాన్ని తుడిచి వెళ్ళేవాడు. అది చూసి ఇద్దరొచ్చారు. ఒకాయన రెండో అంతస్తులోనే కూలబడ్డాడు. ఇంకొకావిడ పైదాకా వచ్చి, నీళ్ళు తాగి, ‘మీరెలా ఉంటున్నారమ్మా ఇక్కడ’ అని నన్నే అడిగింది. రెండో ఆయన గులాబీల బాబు. ఫోటోల చుట్టూ గులాబీలు, వెనకాల పాట. మూడో ఆయన కోటు. ఎండాకాలంలో కూడా కోటే. ఆ కాలు ఫోటో ఆయన చలవే.”

“ఆన్‌లైన్‌లో పెట్టాక ఎవరూ రాలేదా?”

“ఐదు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు గుమ్మం తొక్కలేదు. రోజూ ఫోన్ తీసి చూస్తాను. చూసినవాళ్ళ సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మొన్నటికి నాలుగు వేలు దాటింది. నాలుగు వేలమందిలో ఒక్కరికి నచ్చదా? ఇదేం పాడుబడ్డ కొంప కాదు కదా.”

“కాదక్కా. మంచి ఇల్లే.”

“అందుకే ముగ్గుర్నీ వద్దనుకున్నాను. నీ వీడియోలు రెండు వారాలు చూశాను. ఎవరింట్లోనో సింకు కింద తడి ఉంటే అది కూడా చూపించావు. చూపించి, ‘ప్లంబరు రేపొస్తాడు’ అన్నావు. అప్పుడనుకున్నాను, అమ్మితే ఈ అమ్మాయే అమ్మాలని.”

“ఆ ఇల్లు ఆరు రోజుల్లో పోయిందక్కా.”

“నాకు నాలుగు రోజుల్లో కావాలి.”

“ఏంటి?”

“ఇవాళ మంగళవారం. శనివారానికి కావాలి.”

“అక్కా, కాగితాలకే నెల పడుతుంది…”

“కాగితాలు నెమ్మదిగా కానీ. ఒక్క మనిషిని తీసుకురా. ఈ మెట్లెక్కి, ఈ గది చూసి, కొంటాను అని నోటితో అనే మనిషిని. అది చాలు. నడక నేర్పే ఆసుపత్రి పక్క సందులో పంతులమ్మగారి ఇల్లుంది. నేల మీది ఇల్లు. గుమ్మానికి మెట్టు కూడా లేదు. ఇరవై ఏళ్ళు ఆ ఇంటికి నేనే ఉత్తరాలిచ్చాను. అమ్మితే నాకే అమ్ముతానంది. శనివారం దాకా ఆగుతానంది. అప్పటికి మా ఇంటికి మనిషి కుదిరితే ఇంకో నెలైనా ఆగుతుంది. కుదరకపోతే, పాపం, ఆమె మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది? వెనక ముగ్గురు కాచుకునున్నారు.”

“మీరు ఉత్తరాలు పంచేవారా?”

“రోజుకి పద్నాలుగు వీధులు. కాళ్ళరిగేలా తిరిగానని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడా మాట అనాలంటే సిగ్గేస్తుంది.”

“ఇంట్లో ఏమీ అనేవారు కాదా, అంతసేపు బయట తిరిగితే?”

“ఆలస్యమైతే మా ఆయన వీధివీధికీ లెక్కడిగేవారు. ఏ వీధిలో ఎంతసేపు, ఎవరి గుమ్మంలో ఎంతసేపు. చూసినవాళ్ళు ప్రేమ అనేవారు.”

“మీరేమనేవారు?”

“నేను ఉత్తరాలు పంచేదాన్ని.”

“…కాలు ఏమైందక్కా అసలు?”

“తుంటి దగ్గర విరిగింది. తొడలో కడ్డీ వేశారు. ఎముక అతుక్కుంది గానీ కండ పోయింది. ఆ ఆసుపత్రిలో రోజూ రెండు గంటలు కమ్మీలు పట్టించి నడిపిస్తే మళ్ళీ నడుస్తానన్నాడు డాక్టరు. కానీ ఏడాది లోపు మొదలెట్టాలన్నాడు. అది దాటితే ఎంత చేసినా ఇంతేనట. ఎనిమిది నెలలు ఇక్కడే అయిపోయాయి. దుప్పటి తియ్యి. తియ్యి, పర్లేదు. చూడు.”

“అక్కా…”

“పక్కకి జరగాలంటే దీన్ని రెండు చేతులతో ఎత్తి పెట్టుకోవాలి. ఎవరిదో సామానులాగ. నాలుగు నెలలుంది అమ్మాయ్ నాకు. అంతే. ఇల్లు అమ్ముడుపోతే నడుస్తాను, పోకపోతే ఈ గోడ మీద ఎండ చూస్తాను. నీకు వేరే ఏం చెప్పను.”

“అద్దెకి దిగొచ్చు కదా, ఎక్కడైనా కింద ఇంట్లో?”

“నేనూ అదే అన్నాను. అద్దె ఇంట్లో గోడలకి కమ్మీలు కొట్టనివ్వరన్నారు మా ఆయన. అడిగి చూద్దామన్నాను. అడిగానన్నారు. మనుషుల్ని పెట్టి రోజూ దింపిద్దామన్నాను. కుర్చీ జారిన రోజు గుర్తులేదా అన్నారు. చివరికి ఇల్లే అమ్మేద్దామన్నాను. దానికి వెంటనే సరేనన్నారు. నాకే ఆశ్చర్యమేసింది.”

“ఎలా పడ్డారు?”

“మెట్లు దిగుతూ. మా గుమ్మం ముందు జారి, కింది మలుపు దాకా.”

“పనికి వెళ్తూనా?”

“ఆదివారం.”

“ఆదివారం ఉత్తరాలుండవు కదా.”

“ఏదో పని. ఫోన్ తియ్యి. నా ఇంటి ప్రకటన ఎలా చేస్తావో చెప్పు. మెట్ల సంగతి దాస్తావా, చెప్తావా?”

“మొదటి ఫోటోనే మెట్లు పెడతాను.”

“మతి పోయిందా?”

“వినండక్కా. మెట్లు దాచిపెడితే ఎవరొస్తారు? ఎక్కలేనివాళ్ళూ వస్తారు. సగంలో కూలబడతారు. మనకి రోజు దండగ, వాళ్ళకి ఒళ్ళు మంట. మెట్లు ముందే చూపిస్తే, ఎక్కగలిగినవాళ్ళే వస్తారు. ‘యాభై నాలుగు మెట్లు. అందుకే ఇక్కడికి వీధి చప్పుడు రాదు’ అని రాస్తాను.”

“…ఊఁ.”

“చప్పుడు లేని ఇల్లు ఎవరికి కావాలి? రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునేవాళ్ళకి. మీకు రెండు వీధుల అవతల పెద్దాసుపత్రి ఉంది. ఎంతమంది నర్సులు, ఎంతమంది వార్డు మనుషులు. వాళ్ళు డ్యూటీ దిగి బస్సెక్కే టైముకి వాళ్ళ ఫోన్లలోనే కనిపించేలా ప్రకటన వెయ్యొచ్చు. ఊరంతా నాలుగు వేలమంది చూడక్కర్లేదు. నిద్ర చాలనివాళ్ళు నలభై మంది చూస్తే చాలు.”

“ఇంకా?”

“వీడియో నేను మాట్లాడుతూ తీస్తాను. కింద గేటు దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా పైదాకా ఎక్కుతాను. నా ఆయాసం కూడా వినిపించనీ. పైకొచ్చాక కిటికీ తలుపు తీసి ఒక్క నిమిషం ఊరుకుంటాను. ఆ నిశ్శబ్దమే అమ్ముతుంది ఇల్లు.”

“నువ్వు ఏజెంటువి కాదమ్మాయ్. మంత్రగత్తెవి.”

“అదంతా చిన్న పనక్కా. అసలు పని తర్వాత మొదలవుతుంది. మెసేజ్ పెట్టినవాళ్ళకి ఎంత తొందరగా జవాబిస్తామన్నదే అసలు సంగతి. గంట దాటితే వాళ్ళు ఇంకో ఇల్లు చూసుకుంటారు. నేను పది నిమిషాలు దాటనివ్వను.”

“మరి మా కోటాయన ఎంతసేపటికి ఇచ్చేవాడో.”

“అక్కా, ఒకటి అడగనా? మీరు ఏమీ అనుకోకూడదు.”

“అడుగు.”

“ఈ ఇల్లు నిజంగానే అమ్ముతున్నారా?”

“ఇంతసేపూ నేను చెప్పింది ఏ చెవిన వేసుకున్నావు?”

“అది కాదక్కా. నాకొక అలవాటుంది. ఏ ఇల్లు ఒప్పుకునే ముందైనా, అప్పటికే ఉన్న ప్రకటనకి కొనేదానిలా ఒక మెసేజ్ పెడతాను. జవాబు ఎలా వస్తుందో చూస్తే పాత ఏజెంటు ఎక్కడ తప్పు చేస్తున్నాడో తెలిసిపోతుంది. దానికోసం వేరే ఫోను కూడా పెట్టుకున్నాను.”

“మా ఇంటికీ పెట్టావా?”

“పోయిన వారం, మీరు ఫోన్ చేసిన రోజే.”

“జవాబు రాలేదు. అంతేనా? నాకు తెలుసు. ఆ కోటు మనిషి ఫోను కూడా కోటు జేబులో పెట్టి మర్చిపోతాడు.”

“వచ్చిందక్కా. నాలుగు నిమిషాల్లో.”

“నాలుగు నిమిషాలా? అబ్బో. నీకంటే నయమే. ఏమని?”

“‘అమ్ముడైపోయింది, క్షమించండి.’”

“ఎవరి ఇల్లు?”

“ఇదే.”

“పొరపాటు పడ్డావు. వేరే ఇంటికి పెట్టుంటావు.”

“మూడో ఫోటోలో కాలున్న ఇల్లు ఇదొక్కటేనక్కా.”

“…అయితే వాడే. ఆ కోటుగాడే. మా ఇంటికొచ్చిన మనుషుల్ని వేరే ఇళ్ళకి మళ్ళించుకుంటున్నాడు. ఐదు నెలలు. నా ఐదు నెలలు తినేశాడు వాడు. ఆ ఫోనిలా ఇవ్వు. ఇవాళ వాడో నేనో…”

“నేనూ అదే అనుకున్నాను. నిన్న ఆయనకి ఫోన్ చేశాను. మా వృత్తిలో అందరం ఒకరికొకరం తెలుసు. ఆయన పాపం ఒట్టేసి చెప్పాడు. మెసేజ్‌లు తన ఫోనుకి రావట. ‘ఇంటివాళ్ళే వద్దన్నారు, మధ్యలో మీరెందుకని వాళ్ళ నంబరే పెట్టమన్నారు’ అన్నాడు. ఆయనకంటే ముందున్న గులాబీలాయనకి కూడా అలాగే చెప్పారట.”

“ఏ ఇంటివాళ్ళు? నేనెవరికీ చెప్పలేదే. నా ఫోనుకి ఒక్క మెసేజ్ రాలేదు, చూసుకో కావాలంటే.”

“మీ ఫోను కాదక్కా. ప్రకటనలో నంబరు బయటికి కనపడదు. మెసేజ్ పెట్టినవాళ్ళకి మాత్రం జవాబు ఏ నంబరు నుంచి వచ్చిందో తెలుస్తుంది.”

“చదువు ఆ నంబరు.”

“తొంభై నాలుగు, సున్నా మూడు…”

“ఊఁ.”

“అరవై ఆరు, పద్దెనిమిది, చివర డెబ్భై ఒకటి. ఎవరిదక్కా? మీకు తెలుసా?”

“ఆ కిటికీ కొంచెం తెరువు.”

“అక్కా, ఎవరిది?”

“తెరువమ్మా. గాలాడట్లేదు.”

“తీశాను. నీళ్ళు కావాలా? ముఖం అలా అయిపోయిందేంటి?”

“ఊరంతా డోరు నంబర్లు నోటికొచ్చు నాకు. ఒక్కసారి విన్న నంబరు మర్చిపోను. అదే నా కర్మ. …కాదు. ఆయన ఫోను ఎవరో వాడుతున్నారు. పనిలో ఉన్నప్పుడు పక్కన పెట్టేస్తారు, ఎవడో తీసి…”

“ఆయనంటే, మీ ఆయనా?”

“లిఫ్టు మెకానిక్కు. అవును, లిఫ్టు మెకానిక్కే. ఊళ్ళో ఎవరి లిఫ్టు ఆగినా పరిగెత్తేది ఆయనే. లిఫ్టు గుంటలో దిగుతారు, ఫోను పైన వదిలేస్తారు. ఎవడో ఆకతాయి…”

“ఐదు నెలలుగానా?”

“నీకేం తెలుసు ఆయన సంగతి? నాకు తల దువ్వుతారు. గోళ్ళు కత్తిరిస్తారు. మధ్యాహ్నం పని ఆపి మూడంతస్తులెక్కొచ్చి భోజనం తినిపించి వెళ్తారు. ఒక్కపూట విసుక్కోలేదు. ఎదురింటావిడ వాళ్ళాయనకి రోజూ ఈయన్నే చూపిస్తుంది.”

“ఎదురింటావిడేనక్కా నాకు తాళం తీసింది. బయటినుంచి తాళం వేసి వెళ్తారా?”

“నేను లేచి తలుపు తీయలేను కదా. జాగ్రత్త కోసం.”

“జాగ్రత్త కోసమే అనుకోండి.”

“అంటే?”

“ఏం లేదు.”

“ఇంకో మెసేజ్ పెట్టు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. కొత్త నంబరు నుంచి. ఏదో ఒకటి రాయి. నర్సునని రాయి. వెంటనే కొంటానని రాయి.”

“…‘నేను పెద్దాసుపత్రిలో నర్సుని. మీ ఇల్లు నచ్చింది. సాయంత్రం చూడొచ్చా?’ సరేనా?”

“పంపించు.”

“పంపించాను.”

“చూశాడా?”

“ఇంకా లేదు.”

“ఇప్పుడు?”

“లేదక్కా. …ఎవరో మెట్లెక్కుతున్నట్టున్నారు.”

“ఆయనే. భోజనానికి. అడుగు పట్టి చెప్తాను, అలవాటైపోయింది. ఒక్కో అంతస్తుకి పద్దెనిమిది మెట్లు, ఎక్కడా ఆగరు. ఇదిగో, మొదటి అంతస్తు దాటారు. …చూశాడా?”

“లేదు.”

“రానియ్యి. ఆయన్నే అడుగుదాం. ఎవడు వాడుతున్నాడో ఆయనే కనుక్కుంటారు. …ఆగారేంటి?”

“ఎక్కడ?”

“రెండో అంతస్తులో. ఎప్పుడూ ఆగరే. ఆయాసమేమో. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళారు…”

“అక్కా.”

“వయసవుతోంది కదా మరి, రోజూ ఇన్ని మెట్లు…”

“అక్కా. జవాబొచ్చింది. చదవనా?”

“వద్దు. మళ్ళీ నడుస్తున్నారు. నువ్వు వెళ్ళకు. ఏం జరిగినా స్టూలు మీంచి లేవకు.”

“తాళం తీసుందేంటి? …ఓహో, చుట్టాలొచ్చారు.”

“నమస్తే సార్. నేను ఏజెంటుని.”

“మళ్ళీ ఏజెంటా? కూర్చోండమ్మా, లేవకండి. మా ఆవిడకి ఏజెంట్లంటే సరదా. నాలుగో ఆవిడ మీరు. ఏమే, మందు వేసుకున్నావా? ఈ దిండెందుకు జరిగింది? కిటికీ ఎవరు తీశారు, గాలి కొడుతుంది నీకు.”

“ఉంచండి.”

“జలుబు చేస్తే మళ్ళీ…”

“కిటికీ ఉంచండన్నాను. రెండో అంతస్తులో ఎందుకాగారు?”

“ఎక్కడాగాను?”

“రెండో అంతస్తు మలుపులో.”

“చెప్పు లేస్ ఊడితే కట్టుకున్నాను.”

“మీ చెప్పులకి లేసులెక్కడివి?”

“…ఫోనొచ్చింది. ఏదో లిఫ్టు ఆగిందట. నీకు చెవులు బాగా పదునెక్కాయే. క్యారేజీ విప్పుతాను, మీరు కూడా తినండమ్మా.”

“ఫోను మోగలేదే.”

“మెసేజ్ లే. ఎవరో. తప్పు నంబరు.”

“ఆ మెసేజ్ నాది సార్.”

“…మీదా?”

“నర్సు అని రాసింది నేనే. పోయిన వారం రాసిందీ నేనే.”

“ఏవండీ, ముందు ఆ క్యారేజీ కింద పెట్టండి. ఎంతమందికి ఇచ్చారు ఈ జవాబు?”

“నీకోసమేనే. వాళ్ళంతా బేరాలాడే రకం. నిన్ను గదిలో పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళకి ఇల్లు చూపించడం ఏం బాగుంటుంది? నీ అవస్థ నలుగురూ చూసి…”

“ఎంతమందికి?”

“లెక్కపెట్టలేదు.”

“నూట ముప్పై ఏడక్కా. ప్రకటన ఖాతా వివరాలు కోటాయన పంపించాడు నాకు. వాళ్ళలో పద్దెనిమిది మంది రెండోసారి కూడా అడిగారు.”

“మీరు నోరు ముయ్యండమ్మా కొంచెం. ఇది మా ఇంటి విషయం.”

“ఆ అమ్మాయిని ఏమీ అనకండి. నూట ముప్పై ఏడు. ఏవండీ, నూట ముప్పై ఏడుసార్లు నన్ను నడవనిచ్చే దారి వచ్చింది. ప్రతిసారీ మీరు ఫోను తీసి, ఆ రెండు ముక్కలూ రాసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చి నాకు తల దువ్వారు. ‘ఇవాళ కూడా ఎవరూ అడగలేదే’ అన్నారు. మొహం దిగాలుగా పెట్టి మరీ అన్నారు. నేనే మిమ్మల్ని ఓదార్చాను.”

“ఇక్కడ నీకేం తక్కువ చేశాను? చెప్పు. ఒక్కటి చెప్పు.”

“ఏమీ తక్కువ చెయ్యలేదు. కాళ్ళు తప్ప అన్నీ ఇచ్చారు.”

“డాక్టరు మాత్రం నమ్మకంగా చెప్పాడా ఏంటి? నడిస్తే నడవొచ్చు అన్నాడు.”

“ఖాయంగా నడుస్తుంది అన్నాడు. మీతోనే అన్నాడు. మీరే వచ్చి నాకు చెప్పారు, ఆ రోజు మీకు దాచాలని తోచలేదు. ఇంక నాలుగు నెలలే ఉంది. మీ కాళ్ళు పట్టుకుని అడిగేదాన్ని. వంగలేను. దగ్గరికి రండి, చేతులు పట్టుకుంటాను. ఆ పంతులమ్మకి శనివారం దాకా టైముంది. ఏం జరిగిందో మర్చిపోతాను. ఎందుకు చేశారని కూడా అడగను. నర్సులెవరైనా వస్తే రానివ్వండి. అంతే. ఇంకేమీ వద్దు నాకు.”

“రేపటి నుంచి నేనే మోసుకెళ్తాను. భుజాన వేసుకుని దింపుతాను, భుజాన వేసుకుని ఎక్కిస్తాను. కావాలంటే ఉద్యోగం మానేస్తాను. ఇల్లు మాత్రం వద్దు.”

“ఈ మాట ఎనిమిది నెలల కింద అనాల్సింది.”

“ఇప్పుడంటున్నాగా.”

“ఇప్పుడు నమ్మను. అమ్మాయ్, ప్రకటనలో నంబరు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?”

“మీరు ఒప్పుకుంటే రెండు నిమిషాలక్కా. ఇల్లు ఎవరి పేర ఉంది?”

“నా పేర. నా జీతంతో కొన్నది. ఆయన నంబరు తీసెయ్యి. నీది పెట్టు. ఆ పద్దెనిమిది మందికీ ఈ పూటే రాయి, పొరపాటు జరిగింది, ఇల్లు ఉంది అని.”

“రాయకండమ్మా. మీకు దణ్ణం పెడతాను, రాయకండి. మీకు మా సంగతి తెలీదు.”

“రాయి.”

“రాస్తున్నానక్కా.”

“సరే. సరే, అయితే వినండి. మీరే న్యాయం చెప్పండమ్మా. ఈవిడ నన్ను దుర్మార్గుణ్ణి చేస్తోంది కదా. ఏమే, నువ్వే చెప్పు. నీకు కాళ్ళొస్తే ముందు ఎటు నడుస్తావు?”

“బయటి మనిషి ముందు ఎందుకిప్పుడు?”

“పిలిపించింది నువ్వేగా. ఆ ఆదివారం పొద్దున పెట్టె పట్టుకుని ఎటు బయల్దేరావో, అటే నడుస్తావు. అవునా, కాదా?”

“అవును.”

“విన్నారామ్మా? ఈవిడ పనికి వెళ్తూ పడలేదు. నన్ను వదిలేసి పోతూ పడింది. అయినా ఎనిమిది నెలలు పసిపిల్లలా చూసుకున్నాను. డాక్టరుకి చెప్పలేదు, ఎదురింటికి చెప్పలేదు, ఒక్కరికి తెలియనివ్వలేదు. తన పరువు నేను కాపాడాను. ఆ పెట్టె ఏమైందని ఇవాళ్టిదాకా తను నన్ను అడగలేదు. అదేమైందో చూడటానికి స్పృహ ఉంటేగా, పడ్డ క్షణమే పోయింది.”

“పోలేదు.”

“ఏంటి?”

“స్పృహ పోలేదు. కళ్ళు మూసుకున్నానంతే. మీరు నన్ను దాటి కిందికెళ్ళి పెట్టె తీసుకున్నారు, మళ్ళీ నన్ను దాటి పైకొచ్చి దాన్ని లోపల దాచారు, ఆ తర్వాత కేకేశారు, మా ఆవిడ పడిపోయింది ఎవరైనా రండి అని.”